పల్లపువీధికి రాని గట్టు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువే. ఎక్కడో విదేశీ కంపెనీవాళ్ళు ఫ్యాక్టరీకి స్థలం చూసుకుని వెళ్ళారని పేపర్లో కనబడితే చాలు, ఆ పేపరు మడిచి అవతల పారేస్తాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఊరివాళ్ళు ఏం చూపించారో, ఏం దాచారో అందులో రాయరు. స్థలం నచ్చక వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఊరు ఏమైందో అసలే రాయరు. నేను రాస్తాను. అందులో నా తప్పు కూడా ఉంది, అదీ రాస్తాను.

మాది చోడవరానికీ బుచ్చయ్యపేటకీ మధ్య, ఏటి ఒడ్డునున్న చిన్న ఊరు. రెండే వీధులు. మెట్టవీధిలో మా నాన్నలాంటి భూమి ఉన్నవాళ్ళు, పెంకుటిళ్ళు. పల్లపువీధిలో మట్టిగోడలు, తాటాకు కప్పులు. చెరకు మాది. దాన్ని నరికేదీ, గానుగ ఆడేదీ, పొయ్యి ముందు కూర్చుని బెల్లం వండేదీ వాళ్ళు. ఏరు పొంగితే నీళ్ళు వెళ్ళేది పల్లపువీధిలోకే, మా గుమ్మం దాకా ఏనాడూ రాలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తరవాత జరిగినదానికంతటికీ మూలం మెట్టవీధి అరుగుల మీద కూర్చుని మేం చేసిన ఆలోచనే.

పల్లపువీధిలో నాకొక చిన్నమ్మ ఉండేది. రక్తసంబంధం కాదు. మా అమ్మ పోయినప్పుడు నాకు మూడేళ్ళు. మా ఇంట్లో వంటా పనీ చూసుకునే ఆవిడే నన్ను పెంచింది, అందుకని చిన్నమ్మ. నేను చదువుకుని, ట్రైనింగయి, డెబ్భైల మొదట్లో మా ఊరి ఎలిమెంటరీ స్కూల్లోనే టీచరుగా చేరాక, ఊరంతా పంతులమ్మగారూ అని పిలుస్తుంటే ఆవిడ మాత్రం చిన్నపిల్లని పిలిచినట్టు గుంటా అనే పిలిచేది. చిన్నమ్మకి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే. ఏటికీ పల్లపువీధికీ మధ్య ఒక గట్టు. సర్కారు కాగితాల్లో దాన్ని కరకట్ట అంటారు. ఆవిడకి గట్టు. నాకు అక్షరాలు వచ్చిన దగ్గర్నుంచీ ఆ గట్టు కోసం అర్జీలు నా చేతే రాయించింది.

ఆ వీధిలో ఒక ఆచారం ఉండేది. వరద తీసిన మర్నాడు, గోడ తడి ఆరకముందే, నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో అక్కడ ఇంటి ఇల్లాలు జాజుమట్టితో అడ్డంగా ఎర్రటి గీత గీసేది. దాని మీద మూడు పసుపు బొట్లు పెట్టి, ఇంతవరకూ వచ్చావు, ఇక చాలు తల్లీ అని గంగమ్మకి దండం పెట్టేది. పండగలకి గోడలు అలికినా ఆ గీతల్ని తప్పించి అలికేవారు. చూసేవాళ్ళకి అదేదో మొక్కుబడిలా కనిపిస్తుంది. కానీ ఆ ఇళ్ళని బతికించినవి ఆ గీతలే. కొత్త కోడలు కాపురానికి రాగానే అత్తగారు గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించేది. నీళ్ళు ఈ గీతకొస్తే బియ్యం పైకెత్తు. దీనికొస్తే పిల్లల్ని చంకనేసుకుని మెట్టవీధికి నడు. అన్నిటికంటే పైన ఉన్నదాని కింద మనిషిని ఉంచకు. చదువురాని ఆడవాళ్ళు ఎవరి గోడ మీద వాళ్ళు రాసుకున్న చరిత్ర అది. ఏ ఆఫీసులోనూ అలాంటి రికార్డు లేదు.

ఆ రోజుల్లో వెనకబడిన ప్రాంతాల మాట గట్టిగా వినిపించేది. పరిశ్రమలన్నీ పట్నాల్లోనే పెట్టకూడదు, పల్లెలున్న తాలూకాలకి పంపించాలి అని సర్కారువాళ్ళు అనేవారు. అలా మా వైపుకి ఒక కబురొచ్చింది. చెరకు పిప్పితో అట్టలు చేసే ఫ్యాక్టరీ అట. మిషన్లు విదేశం నుంచి వస్తాయట, అట్టలు మళ్ళీ ఓడెక్కి విదేశం పోతాయట. గోవాడలో పంచదార ఫ్యాక్టరీ ఉంది, ఊరూరా గానుగలున్నాయి, పిప్పికి కొదవలేదు. నీళ్ళకి ఏరుంది. మా ఊరి పక్కన బంజరు ఉంది. జీపులో మనుషులు వచ్చి చూసి, ఊరివాళ్ళ దగ్గర వాంగ్మూలం తీసుకుంటారని తాలూకాఫీసు నుంచి చెప్పి పంపారు.

అప్పుడు మా పంచాయతీ ప్రెసిడెంటుగారి అరుగు మీద సభ జరిగింది. మా నాన్న ఉన్నాడు, నేనూ ఉన్నాను. పల్లపువీధి మగవాళ్ళు నలుగురు కింద నిలబడ్డారు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఒరే, మిషన్లు ఫారిన్ నుంచి ఓడలో వస్తన్నాయి. కోట్ల సరుకు. అలాటి సరుకు మునిగిపోతంటే గవర్నమెంటోడు సూస్తూ కూకుంటాడేటి? గట్టు ఏసి తీర్తాడు. ఆ గట్టు ఎనకాల మీరూ ఉంటారు. కాకపోతే ఏరు పొంగుతాదని ముందే తెలిస్తే వోళ్ళు ఇటేపే రారు. అంచేత ఆ గోడల మీద గీతలు కనబడకూడదు. అందరూ సున్నం కొట్టీయండి."

వరద నుంచి కాపాడే గట్టు రావాలంటే వరద రాదని చెప్పాలి. ఇప్పుడు తలుచుకుంటే నా తల నేనే బాదుకోవాలనిపిస్తుంది. ఆ రోజు మాత్రం అందులో తప్పేమీ కనబడలేదు. పైగా ఎంత తెలివైన ఆలోచన అనుకున్నాను. మమ్మల్ని అలా ఆలోచించేలా చేసింది ఎవరు? వెనకబడ్డామని చూపించుకుంటేనే ఫ్యాక్టరీ, మునిగిపోతామని చూపించుకుంటే లేదు. రెండూ ఒకే ఊరికి ఉన్న కష్టాలు. ఒక కష్టాన్ని వాకిట్లో పెట్టి, ఇంకో కష్టాన్ని పెరట్లో దాచుకోమన్నారు.

వీధంతా సున్నం కొట్టేశారు. చిన్నమ్మ ఒప్పుకోలేదు.

"గీత సెరిపేస్తే ఏరు దారి మర్సిపోద్దేటి?" అంది. ప్రెసిడెంటుగారు మనిషిని పంపితే వాడి మొహమ్మీదే తలుపేసింది.

ఒక్క ఇల్లు అలా మిగిలిపోతే అందరి ఫ్యాక్టరీ పోతుందని ఊళ్ళో గొడవ. ఆవిడని ఒప్పించు, నీ మాట వింటుంది అని మా నాన్న నాతో అన్నాడు. నేను ఒప్పించలేదు. అంతకంటే పాడుపని చేశాను. చెరకు నరికే రోజులు. ఆవిడా, కొడుకూ పొద్దున్నే పొలానికి వెళ్ళిపోయారు. ఇంట్లో ఆవిడ అత్తగారు ఒక్కర్తే ఉంది, కాళ్ళు పడిపోయి మంచం దిగలేని ముసలమ్మ. ముసలమ్మ చూస్తుండగానే నేను సున్నం బొక్కెన తీసుకెళ్ళి లోపలి గోడకి, బయటి గోడకి రెండేసి పూతలు వేశాను. ముసలమ్మ, "బాగున్నాదమ్మా, ఇల్లు తెల్లగయింది" అంది. నాకు ఆ మాట పొగడ్తలాగే వినిపించింది.

సాయంత్రం చిన్నమ్మ వచ్చి గోడ చూసింది.

"ఎంత పని సేసేవే గుంటా," అంది.

"జీపు వచ్చి వెళ్ళిపోనీ, మళ్ళీ గీసుకుందువుగాని. ఎక్కడెక్కడున్నాయో నీకు తెలుసు కదా," అన్నాను.

"పొడిగోడ మీద గీస్తే ఏరుని రమ్మని పిలిసినట్టే. నానెలా గీత్తాను?" అంది. అంతే. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు తెల్లటి వీధిని చూసి చాలా సంతోషించాడు, ఊరు శుభ్రంగా ఉందన్నాడు. వరద వస్తుందా అని అడిగితే, రాదు బాబూ అని నలుగురూ ఒక్క గొంతుతో అన్నారు. వాంగ్మూలం నా చేత రాయించారు, నా దస్తూరీ బాగుంటుందని. "మా గ్రామమునకు ఏటి వలన ఎట్టి ముంపు భయమును లేదు" అని రాశాను. పల్లపువీధివాళ్ళు వేలిముద్రలు వేశారు. సాక్షి సంతకం నాది.

ఎండాకాలంలో ఇంకో జీపు వచ్చింది. ఈసారి ఒక తెల్లదొర, ఆయన మాటలు తెలుగులో చెప్పే ఇంజనీరు ఒకడు, ఇన్సూరెన్సు మనిషి ఒకడు. దొర వీధి గోడల వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా ఏటి ఒడ్డుకి వెళ్ళి తుమ్మచెట్ల కింద నిలబడి పైకి చూశాడు. కొమ్మల్లో ఎండుగడ్డి, చెరకాకు, చింకిగుడ్డలు చిక్కుకుని ఉన్నాయి, మనిషి తలకంటే ఎత్తున. కిందటిసారి ఏరు తెచ్చి అక్కడ వేలాడదీసిన చెత్త అది. ఊళ్ళో ప్రతి గోడకీ సున్నం కొట్టాం కానీ చెట్ల సంగతి ఎవరికీ తట్టలేదు.

అదేమిటని ఇంజనీరు అడిగాడు. ప్రెసిడెంటుగారు తడుముకోకుండా, "కాకిగూళ్ళు బాబూ" అన్నారు.

ఇంజనీరు ఆ మాట దొరకి చెప్పాడు. దొర విరగబడి నవ్వాడు. టేపు తీయించి నేల నుంచి ఆ చెత్త దాకా కొలిపించి, పుస్తకంలో రాసుకుని జీపెక్కాడు. మేమూ నవ్వాం, దొర నవ్వాడు కదా అని. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఈనాటికీ సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది.

ఫ్యాక్టరీ విశాఖపట్నం వెళ్ళిపోయింది. సముద్రం పక్కన, ఓడలకి దగ్గరగా. తాలూకాఫీసులో మా ఊరి వైపు గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన నాతో గొంతు తగ్గించి చెప్పాడు. "ఇక్కడ నీళ్ళొస్తాయి, మిషన్లకి ఇన్సూరెన్సు ఒప్పుకోం అన్నారటమ్మా. దొర రిపోర్టులో ఎత్తుతో సహా ఉంది."

"సముద్రం పక్కన తుపాను రాదా మరి?" అన్నాను.

"వస్తాదమ్మా. గోడ కడతారట. ఓడలు అక్కడే ఆగుతాయి కదా, వోళ్ళకి గిట్టుబాటు."

పిప్పి మాది, దాన్ని లారీల్లో మోసుకుపోతారు. నీరు మాది, అది మాత్రం మాకే వదిలేశారు. పోతే పోనీ, ఫ్యాక్టరీ లేకుండా ఇన్నాళ్ళూ బతికాం, ఇకముందూ బతుకుతాం అనుకున్నాం. కానీ చిన్నమ్మకి గట్టు కావాలి. వానలు మొదలవకముందే అర్జీ రాయమంది. రాశాను. ఈసారి నేనే స్వయంగా చోడవరం తాలూకాఫీసుకి పట్టుకెళ్ళాను. కొత్త ధైర్యం కూడా ఉంది, ఎందుకంటే ఏరు ఎంత ఎత్తు పొంగుతుందో దొరే కొలిచి రాశాడు. ఇక మమ్మల్ని ఎవరు కాదంటారు?

ఆఫీసరు అర్జీ చదివి, బిళ్ళబంట్రోతు చేత ఒక ఫైలు తెప్పించి, అందులోంచి ఒక కాగితం నా ముందు పెట్టాడు. నా దస్తూరీ. ముంపు భయమును లేదు.

"ఇది మీరు రాసిందే కదా? ఈ సంతకం మీదే కదా? వరద లేని ఊరికి కరకట్ట ఎలా రికమెండ్ చేస్తామమ్మా?" అన్నాడు.

"ఆ దొరగారి రిపోర్టులో వరద వస్తుందని ఉంది కదండీ. అందుకే కదా ఫ్యాక్టరీ పెట్టలేదు!"

"అది ఇండస్ట్రీస్ వాళ్ళ ఫైలు. దానికీ దీనికీ సంబంధం లేదు."

"ఏరు ఒకటే కదండీ," అన్నాను.

ఆయన నా వంక జాలిగా చూసి ఇంకో ఫైలు తెరిచాడు. నేను అరిచాను. ఆడపిల్లవి, టీచరువి, ఆఫీసులో ఇలా అరవకూడదు అన్నారు. బయటికి పంపించేశారు. బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు. మా ఏటిలో నీళ్ళు ఎంత ఎత్తుకొస్తాయో వాళ్ళకి తెలుసు. టేపు పెట్టి కొలిచారు. కొలిచిన ఆ ఎత్తు పరదేశం మిషన్ల కోసం నిజం, పల్లపువీధి మనుషుల కోసం అబద్ధం. మా అబద్ధాన్ని నమ్మినందుకు కాదు నాకు కోపం. నమ్మకుండానే, అవసరం వచ్చినప్పుడు మా మొహాన కొట్టినందుకు.

ఈలోగా చిన్నమ్మ కొడుక్కి పెళ్ళయింది. కోడలు రావికమతం వైపు మెట్ట ఊరి పిల్ల, ఏరు పొంగడం పుట్టి ఎరగదు. కాపురానికి రాగానే చిన్నమ్మ ఆ పిల్లని గోడ దగ్గర నిలబెట్టింది. గీతల్లేవు. చేత్తో చూపించింది, ఇదిగో ఇక్కడికి, ఇదిగో ఇంత ఎత్తుకి అని. తెల్లగోడ మీద ఒక్కసారి చేత్తో చూపించింది ఎన్నాళ్ళు గుర్తుంటుంది? దసరా వెళ్ళాక తుపాను వాన పట్టుకుంది. ఆ మధ్యాహ్నం నేను టీచర్ల మీటింగుకి చోడవరంలో ఉన్నాను. కొడుకు కూలికి విశాఖపట్నంలో ఉన్నాడు. చిన్నమ్మ మా ఇంట్లో మా నాన్నకి వంట చేస్తోంది.

ఏరు ఒక్కసారిగా వచ్చింది. ఇంట్లో కోడలు, మంచంలో ముసలమ్మ. ఆ పిల్ల తెలివితక్కువది కాదు, భయపడి పారిపోనూ లేదు. బియ్యం పైకెత్తింది. మంచం కోళ్ళ కింద రోలూ, రాళ్ళూ పెట్టి ఎత్తు చేసింది. ముసలమ్మని దాని మీద కూర్చోబెట్టి, ఇంత ఎత్తుకి నీళ్ళెక్కడ వస్తాయిలే అనుకుని, అత్తని పిలుచుకురావడానికి మెట్టవీధికి పరిగెత్తింది. వెళ్ళేటప్పుడు మోకాళ్ళ నీళ్ళు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి పీకల్లోతు. వీధిలోకి దిగనివ్వకుండా మగవాళ్ళు వాళ్ళని పట్టుకుని ఆపేశారు. ముసలమ్మ ఆ మంచం మీదే మునిగిపోయింది. ముసలమ్మ బరువు ఎంతని? ఎండుకట్టెలా ఉండేది. ముందే భుజానేసుకుని ఉంటే ఆ పిల్ల ఒక్కర్తే తెచ్చేసేది.

మర్నాడు నేను వచ్చేసరికి నీళ్ళు తీశాయి. ఆ ఇంటి మూడు గోడలు కూలిపోయాయి. నిలబడ్డ ఒక్క గోడ మీద సున్నం పెచ్చులుపెచ్చులుగా ఊడిపోయి, కింద పాత ఎర్రగీతలు బయటపడ్డాయి. కొత్త బురద చార పైగీతకి జానెడు కిందే ఆగిపోయింది. ఏరు కొత్తగా ఏమీ చేయలేదు. ఎప్పుడూ వచ్చేంతే వచ్చింది. కోడలు ఆ గీత వంకే చూస్తూ, "ఇది ఉన్నాదని నాకు తెల్దమ్మా, తెల్దు" అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. దాని మీద సున్నం కొట్టిన చేతులు అవేనని ఆ పిల్లకి తెలియదు. నేను చెప్పలేదు. చిన్నమ్మకి తెలుసు. ఆవిడా చెప్పలేదు. ఆ ఏడు ఆ గోడ మీద ఆవిడ గీత గీయలేదు.

జీపు మళ్ళీ వచ్చింది. ఈసారి నష్టం రాసుకోవడానికి. అదే ఆఫీసు. ఊహించని వరద అని రాసుకున్నారు. ఊహించని! నేను ఆ కాగితం లాక్కుని చింపేశాను. మా నాన్న ఆఫీసరుకి దండం పెట్టి, తల్లి లేని పిల్ల బాబూ అని చెప్పి నా ఉద్యోగం కాపాడాడు. ఆఫీసరు ఇంకో కాగితం తీసుకుని అదే మాట మళ్ళీ రాసుకున్నాడు.

ఆ చలికాలంలో పల్లపువీధి సగం ఖాళీ అయింది. ఇళ్ళు మళ్ళీ కట్టుకునే ఓపిక లేక ఒక్కొక్క కుటుంబం విశాఖపట్నం పనులకి వెళ్ళిపోయింది. చిన్నమ్మ కూడా వెళ్ళింది. మా ఇంట్లోనే ఉండిపో అని మా నాన్న అంటే, "నాకు మెట్ట మీద నిద్దర పట్టదు బాబూ" అందట. నాతో చెప్పకుండానే బస్సెక్కేసింది.

వేసవి సెలవుల్లో వెతుక్కుంటూ వెళ్ళాను. హార్బరు దాటి, సముద్రం పక్కన ఇసకలో, ఆ ఫ్యాక్టరీ లేస్తోంది. షెడ్లు ఇంకా సగంలోనే ఉన్నాయి, మిషన్లు ఇంకా ఓడ దిగలేదు. కానీ సముద్రం వైపు రాతిగట్టు మాత్రం దాదాపు అయిపోయింది. రెండు నిలువుల ఎత్తు, పైన లారీ నడిచేంత వెడల్పు. దాని మీద వరసగా ఆడవాళ్ళు రాళ్ళతట్టలు మోస్తున్నారు. సగం మంది పల్లపువీధివాళ్ళే. నన్ను చూసి పంతులమ్మగారొచ్చారని నవ్వారు. ఆ వరసలో చిన్నమ్మ ఉంది, వెనకే కోడలు.

నాకు ముందు కోపం వచ్చింది, ఆ గట్టు మీద, ఆ రాళ్ళ మీద, రాని మిషన్ల మీద. తరవాత ఏడుపు వచ్చింది. చిన్నమ్మ చెయ్యి పట్టుకుని చెప్పాను. "తప్పు నాదే. ఆ గోడకి సున్నం కొట్టింది నేను, ఆ కాగితం రాసింది నేను. నన్ను తిట్టు, కొట్టు. కానీ వీళ్ళకి మాత్రం రాళ్ళు మొయ్యకు. ఇంటికి వచ్చెయ్."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నన్ను కాదనలేదు, నీ తప్పు కాదని కూడా అనలేదు. గట్టు పొడుగునా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసింది.

"ఇది పూర్తయినాక వస్తాను గుంటా," అంది. "గట్టు గట్టని ఇన్నేళ్ళు అడిగేను గానీ, అదెలాగుంటాదో నానెప్పుడూ సూడనేదు."

తట్ట నెత్తికెత్తమని వంగింది. ఎత్తాను.